నా ఈపీ జిప్ చేసి ఎవడో ఫ్రీగా పంచేస్తున్నాడు, తీయించాలా వదిలేయాలా?

బీచ్‌రోడ్_బాస్:
వైజాగ్‌లో ఇంట్లో కూర్చునే మ్యూజిక్ చేస్తా, యాంబియెంట్ టెక్నో టైపు, సినిమా బీట్లు కాదు. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారగట్ల చేపల వేలం రికార్డ్ చేసి, ముక్కలు కోసి, నాలుగు ట్రాకుల ఈపీ (ఆల్బమ్ కంటే చిన్నది) చేసి, మనమే నేరుగా పాటలు అమ్ముకునే సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో 2 డాలర్లకి పెట్టా. కొన్నోళ్ళు దాదాపు తెలిసినోళ్ళే. ఇప్పుడు చూస్తే ఏదో ఛానల్లో మొత్తం జిప్ పెట్టేశారు, నేను అమ్మినదానికంటే అక్కడ డౌన్‌లోడ్లే ఎక్కువ. ఒళ్ళు మండుతోంది, ఇంతమంది విన్నారా అని లోపల సంతోషం కూడా ఉంది, సిగ్గులేకుండా చెప్తున్నా. ఏటి చెయ్యమంటారు?

మధురవాడ_మోడ్యులర్:
వదిలెయ్ గురూ. ఫ్రీగా దించుకున్నోడు ఎలాగూ కొనడు. స్ట్రీమింగ్‌లో మాత్రం ఏం ఒరిగింది, స్పాటిఫైలో 2024 నుంచి గడిచిన 12 నెలల్లో 1000 ప్లేలు రాని ట్రాక్‌కి పైసా రాయల్టీ లేదు. నువ్వే బ్యాండ్‌క్యాంప్‌లో నేమ్ యువర్ ప్రైస్ (ఎంతిస్తాడో కొనేవాడి ఇష్టం) పెట్టి మినిమమ్ సున్నా చెయ్, నచ్చినోడు ఇస్తాడు, అందులో వాళ్ళు తీసుకునేది 15 శాతమే (పేమెంట్ ఛార్జీలు వేరే లే).

గాజువాక_గ్లిచ్:
ఎలాగూ కొనడు అన్నది 1999లో పాటల ఫైళ్ళు ఫ్రీగా పంచుకునే నాప్‌స్టర్ వచ్చినప్పట్నించీ వింటున్న పాటే. పెద్దోళ్ళకి ఫైళ్ళు పోయినా కచేరీల్లో టికెట్లొస్తాయి, వైజాగ్‌లో మనకెవడు సెట్ ఇస్తున్నాడు, పబ్‌లో అడిగితే మాస్ సాంగ్ రీమిక్స్ ఉందా అంటారు. మనకి ఆ రెండు డాలర్లే ఆదాయం.

సిరిపురం_సౌండ్:
డబ్బు సంగతి తర్వాత, ముందు ఆ జిప్ విప్పి ట్యాగులు (ఫైల్ లోపలే రాసుండే ఆర్టిస్ట్ పేరు, ట్రాక్ పేరు లాంటివి) చూడు బ్రో. ఆర్టిస్ట్ పేరు ఎగిరిపోయిన ఫైల్‌ని ఇంకొకడు తన పేరుతో డిస్ట్రిబ్యూటర్ (స్ట్రీమింగ్ యాప్‌లకి పాటలు చేర్చే కంపెనీ) ద్వారా ఎక్కించాడనుకో, అది యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (ఒకరి పాట ఇంకొకరు వాడితే దానంతటదే పట్టేసే సిస్టమ్) కూడా చేరితే, రేపు నీ ట్రాక్ నువ్వే అప్‌లోడ్ చేసినా క్లెయిమ్ నీ మీదే పడుద్ది, అప్పుడు అది నాదే అని నువ్వు నిరూపించుకోవాలి. ప్రాజెక్ట్ ఫైళ్ళు, స్టెమ్స్ (ట్రాక్‌లో ఒక్కో సౌండ్ విడివిడి ఫైళ్ళు), హార్బర్‌లో తీసిన ఒరిజినల్ రికార్డింగ్, ఏదీ డిలీట్ చెయ్యకు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేసిన రోజు నుంచే హక్కు నీదే, కానీ గొడవొస్తే రిజిస్ట్రేషన్ కాగితం సాక్ష్యంగా పనికొస్తుంది. ఇంకోటి, వేవ్ ఫైళ్ళలో ట్యాగులు చాలా ప్లేయర్లు చదవవు, ఎవరికైనా ఊరికే పంపితే ఎంపీత్రీయో ఫ్లాకో పంపు, కామెంట్ ఫీల్డ్‌లో నీ పేజీ లింక్ పెట్టి.
(వేలం పాడినావిడ గొంతు వాడావు కదా, ఆవిణ్ణి అడిగావా మరి?)

బీచ్‌రోడ్_బాస్:
అడిగా అన్నా, నవ్వి వాడుకోమంది, క్రెడిట్స్‌లో పేరు కూడా ఉంది. జిప్ విప్పా ఇప్పుడే, నా పేరు పీకేసి ఆర్టిస్ట్ దగ్గర వాళ్ళ ఛానల్ పేరు పెట్టుకున్నారు! ఫ్రీగా పంచితే పంచారు గానీ ఇది మాత్రం ఊరుకోను, తీసెయ్యమని కంప్లయింట్ పెట్టేశా. ధర సున్నా చెయ్యాలా అన్నది ఇంకా తేల్లేదు, గ్లిచ్ అన్నదీ నిజమే. అన్నట్టు బ్యాండ్‌క్యాంప్ డబ్బులకి పేపాల్‌లో పర్పస్ కోడ్ (బయటి దేశం నుంచి డబ్బు దేనికొచ్చిందో చెప్పే కోడ్) ఏది పెడుతున్నారో ఎవరైనా చెప్పండి.