ఇంట్లో కెమికల్స్ తగ్గించాలంటే ముందు మార్చాల్సింది సబ్బేనా?

గోదారిగట్టు:
ఈమధ్య మా ఇంట్లో ఇదే గొడవ. మా తోటికోడలు ఒంటికి సున్నిపిండి, తలకి కుంకుడుకాయ, గిన్నెలకీ నేలకీ నిమ్మతొక్కల బయో ఎంజైమ్ అని మొదలుపెట్టింది. కొనే సబ్బు, షాంపూ, ఫినాయిల్ అన్నీ విషాలేనట. మావారేమో అదంతా వేలంవెర్రి, చేత్తో చేసిన సబ్బని పేరు పెట్టి నాలుగింతలు గుంజుతున్నారు అంటారు. పసిపిల్లలున్న ఇల్లు కదా, నా మొగ్గు మారడం వైపే. కానీ అన్నీ ఒకేసారి నా వల్ల కాదు. దేంతో మొదలుపెట్టమంటారు? అసలు అవసరమేనా?

పెసరపిండి:
అవసరమే, సందేహం ఎందుకండీ? క్రిములను చంపడానికి సబ్బుల్లో కలిపే ట్రైక్లోసాన్ అనే రసాయనం సంగతి చూడండి. అది కలిపిన సబ్బుని ఏళ్ళ తరబడి అమ్మారు. 2016లో అమెరికాలో మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ట్రైక్లోసాన్, ట్రైక్లోకార్బాన్‌తో కలిపి 19 పదార్థాలను అలాంటి సబ్బుల్లోంచి తీసేయమంది. మామూలు సబ్బూ నీళ్ళ కంటే ఇవి మెరుగని గానీ, రోజూ ఏళ్ళ తరబడి వాడినా ప్రమాదం లేదని గానీ కంపెనీలు రుజువు చూపలేకపోయాయి. అన్నాళ్ళూ వాడినవాళ్ళకి జవాబు ఎవరు చెప్పారు? కుంకుడుకాయతో ఆ పేచీ లేదు. కొట్టి నానబెడితే నురగ వస్తుంది, అంతే.

సబ్బులబట్టీ:
నేను చిన్నగా సబ్బులు చేసి అమ్ముతాను, కాబట్టి నా మాట కాస్త తగ్గించే వినండి. కెమికల్ లేని సబ్బు అని ఎవరైనా అంటే కొనకండి. కాస్టిక్ సోడా లేకుండా సబ్బుబిళ్ళ పుట్టదు. నూనె, కాస్టిక్ కలిసి సబ్బూ గ్లిజరినూ అవుతాయి. పాళ్ళు సరిగ్గా కుదిరితే చివరికి కాస్టిక్ మిగలదు. చేత్తో చేసినదాంట్లో ఆ గ్లిజరిన్ అలాగే ఉండిపోతుంది, పెద్ద ఫ్యాక్టరీలు చాలావరకు దాన్ని విడదీసి వేరే అమ్ముకుంటాయి. నిజమైన తేడా అదీ.

కొట్లో కొనేటప్పుడు రేపర్ వెనక చదవండి. టాయిలెట్ సోప్ అని ఉంటే మన దేశంలో నాణ్యత ప్రమాణాలు పెట్టే బీఐఎస్ లెక్కలో టీఎఫ్‌ఎం, అంటే కొవ్వు పదార్థం, గ్రేడ్ 1కి కనీసం 76 శాతం, గ్రేడ్ 2కి 70, గ్రేడ్ 3కి 60. బేతింగ్ బార్ అని ఉంటే 40 ఉన్నా చాలు. పైన వేపాకు బొమ్మ వేశారా, గంధం చెక్క వేశారా అన్నది తర్వాత. ఇన్‌స్టాలో కొంటుంటే తయారీ లైసెన్స్ నంబరు అడగండి. మన చట్టంలో సబ్బు కాస్మెటిక్ కింద వస్తుంది, ఇంట్లో చేసి అమ్మినా లైసెన్స్ ఉండాల్సిందే.

మందులచీటీ:
చేత్తో చేసినా మరలో చేసినా సబ్బు క్షారమే, పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7 దాటితే క్షారం) 9-10 ఉంటుంది. మన చర్మం 5 దగ్గర. అందుకే ఎగ్జిమా పిల్లలకి డాక్టర్లు తరచూ రాసే ‘సోప్ ఫ్రీ’ బార్లు సబ్బులే కావు, ఫ్యాక్టరీలో పుట్టిన సిండెట్లు, అంటే కృత్రిమ డిటర్జెంట్‌తో చేసిన బిళ్ళలు. ఈ ఒక్క చోట సహజం ఓడిపోయింది మరి! సహజ సబ్బుల్లో వేసే లావెండర్, టీ ట్రీ, నిమ్మజాతి నూనెల్లోని లినలూల్, లిమొనీన్ లాంటి సువాసన పదార్థాలు గాలి తగిలి పాతబడితే కొందరికి అలర్జీ తెప్పిస్తాయి. యూరప్‌లో పరిమితి దాటితే వీటిని లేబుల్ మీద పేరు పెట్టి రాయాలి. పసిపిల్లలకైతే ఏ వాసనా లేనిది కొనండి. చిట్లిన చర్మం మీద సున్నిపిండి రుద్దకండి.

పెసరపిండి:
మీ పీహెచ్ లెక్క నాకే పనికొస్తుంది. కుంకుడు రసం కొద్దిగా ఆమ్లం, క్షారం కాదు. మరి సబ్బు కంటే అదే నయం కదా!

మందులచీటీ:
తలకి నయమే, కాదనను. కళ్ళలో పడితే ఎలా ఉంటుందో తలంటు పోసుకున్న ప్రతివాళ్ళకీ తెలుసు. కానీ చెట్టుది కాబట్టి దేనికీ హాని లేదనకండి. ఆ నురగనిచ్చే సపోనిన్లు చేపలకి విషం. కుంకుడు జాతి కాయల్ని దంచి నీళ్ళలో కలిపి చేపలు పట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది.

బోరునీళ్ళు:
అందరూ ఒంటికి రాసుకునేదాని గురించే మాట్లాడుతున్నారు. సబ్బు ఒంటి మీద ఉండేది నిమిషం, వెంటనే కడిగేస్తాం. పీల్చేదాని మాటేమిటి? తలుపులు బిడాయించి రాత్రంతా దోమల కాయిల్ వెలిగిస్తారు. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నటి కణాల బరువు 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో ఒక అధ్యయనం తేల్చింది. బీరువాలో కలరా ఉండలు, అదే నాఫ్తలిన్, మరీ ఘోరం. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువైన పసిబిడ్డకి ఆ బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదరొచ్చు. ఇక బాత్రూమ్ తళతళలాడాలని యాసిడ్ పోసి దాని మీదే బ్లీచింగ్ చల్లేవాళ్ళున్నారు. క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో ప్రాణం మీదికి తెస్తుంది. గోదారిగట్టు గారూ, మీ తోటికోడలి బయో ఎంజైమ్ కూడా పులిసిన ఆమ్లమే, దాన్నీ బ్లీచింగ్‌తో కలపనివ్వకండి.

ఇంకోటి, మాలాగా బోరునీళ్ళయితే ఎంత మంచి సబ్బయినా విరిగి బకెట్ అంచున తెల్లటి తెట్టు కడుతుంది. అందుకే బట్టలకి డిటర్జెంట్ తప్పట్లేదు. పట్టుచీరలకి మాత్రం మా అమ్మ కుంకుడు రసం తప్ప వేరేది ముట్టనివ్వదు.

వంటింటివాటా:
ఒక్క మాట. పెసలు ఎండబెట్టి, మర పట్టించి, జల్లించేది ఎవరు? కుంకుళ్ళు కొట్టి గింజలు తీసేది ఎవరు? బయో ఎంజైమ్ అంటే ఒక వంతు బెల్లం, మూడు వంతుల తొక్కలు, పది వంతుల నీళ్ళు, మూడు నెలలు. మొదటి నెల రోజూ మూత వదులు చేసి గ్యాస్ పోనివ్వాలి, మరిచిపోతే సీసా పేలుతుంది. మా ఇంట్లో ‘ప్రకృతికి దగ్గరగా బతకాలి’ అనేది మావారు, మూత తీసేది నేను. సబ్బుబిళ్ళ ఆడవాళ్ళకి ఎంత తీరిక ఇచ్చిందో ఎవరూ లెక్కెయ్యరు.

గోదారిగట్టు:
కలరా ఉండలు ఇవాళే బయట పారేశాను. కాయిల్ మాత్రం మా అత్తగారిది, దాని బదులు కిటికీలకి మెష్ కొట్టిస్తే ఒప్పుకుంటారేమో చూడాలి. సబ్బు సంగతి ఇంకా తేలలేదు.

పెసరపిండి:
కాయిల్ మానమనండి, సంతోషం. అంతమాత్రాన సబ్బు కంపెనీలకి క్లీన్ చిట్ ఇచ్చేయకండి. రేపర్ మీద ‘పర్ఫ్యూమ్’ అని ఒక్క ముక్క రాసి దాని చాటున ఎన్ని దాస్తారో మనకి తెలీదు.

సబ్బులబట్టీ:
ఆ మాట మా చిన్నవాళ్ళకీ వర్తిస్తుంది. ‘సహజ సువాసన’ అంటే ఏమిటో గుచ్చి గుచ్చి అడగండి.

గోదారిగట్టు:
తలకి కుంకుడుతోనే మొదలుపెడతాను. సీసాల్లో అమ్మే రసం కొనొచ్చా?

మందులచీటీ:
ఇంట్లో తీసిన రసం ఫ్రిజ్‌లో పెట్టినా కొన్నాళ్ళకి పులుస్తుంది. నెలల తరబడి చెడని సీసా అంటే అందులో ప్రిజర్వేటివ్ ఉన్నట్టే. అది తప్పని కాదు, కానీ మీరు తప్పించుకోవాలనుకుంటున్నది అదే కదా.

పెసరపిండి:
సీసా ఎందుకండీ, అప్పటికప్పుడు నాలుగు కాయలు కొట్టుకుని వేడినీళ్ళలో వేసుకోండి.

వంటింటివాటా:
ఎవరు కొట్టాలో కూడా రాయండి.