జపాన్ నటి సెత్సుకో హారా గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. పోయిన వారం జపాన్ దర్శకుడు ఓజు తీసిన ‘లేట్ స్ప్రింగ్’ (1949) చూశాను. ‘నో’ అనే జపాన్ సంప్రదాయ నాటకం చూస్తూ, తండ్రి ఎదురుగా కూర్చున్న ఇంకో ఆవిడకి తల వంచి పలకరించడం గమనించగానే, సెత్సుకో హారా ముఖంలో నవ్వు మెల్లగా మాయమైపోతుంది. ఒక్క మాట ఉండదు. ఆ ముఖం ఇంకా నా కళ్లముందే ఉంది.

1935లో పదిహేనేళ్లకే సినిమాల్లోకొచ్చిన మనిషి, 1962 తర్వాత మళ్లీ తెరమీద కనపడలేదు. 2015లో పోయేదాకా టోక్యో దగ్గరున్న కామకురాలో ఎవరికంటా పడకుండా బతికారు. ఎందుకు మానేశారో ఆవిడ తన నోటితో చెప్పిందేమైనా ఉందా? దాని గురించే ఎక్కువ తెలుసుకోవాలనుంది.

ఓజుతో చేసిన ఆరు సినిమాలూ ఎలాగూ చూస్తాను. దర్శకులు కురొసావాతో 1946లో, 1951లో చేసినవీ, నరుసేతో చేసినవీ ఉన్నాయి కదా, వాటిలో ముందు ఏది చూడమంటారు? ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉంటే చాలు.