మార్స్ రాళ్ల మీద ఊదా మచ్చలు: దుమ్మా, పూతా, ఫోటో మాయా?

ప్రశ్న: అందరికీ నమస్తే, చిన్న డౌట్ అండి. మార్స్ మీద తిరిగే నాసా బండి పర్సెవరెన్స్ రోవర్ పంపే ఫోటోలు రోజూ చూస్తుంటాను, అది దిగిన జెజెరో బిలంలో కొన్ని రాళ్ల మీద పాత గోడకి పెయింట్ పెచ్చులూడినట్టు ఊదా రంగు మచ్చలున్నాయి. అవి నిజంగా పూతేనా, ఉత్త దుమ్మా? ఎలా పోల్చుకోవాలో తెలీట్లేదు.

జవాబు: ముందు అది రంగులు పెంచిన ఫోటోనా కాదా చూడండి, పెంచిందైతే రంగుని నమ్మకండి, అంచుని నమ్మండి. దుమ్ము రాయి నెత్తి మీదా గుంటల్లోనూ పేరుకుంటుంది, నిలువు పక్కల మీద పెద్దగా నిలవదు, అంచు కూడా అలుక్కుపోయినట్టు ఉంటుంది. పూత అయితే పక్కలకీ పట్టేసి ఉంటుంది, ఊడిన చోట అంచు తెగినట్టు కనిపిస్తుంది. మీరు చెప్పేది పూతే, రోవర్ లేజర్‌తో కొట్టి, వచ్చిన మెరుపుని బట్టి ఏ మూలకాలున్నాయో చూస్తే అందులో హైడ్రోజన్ ఎక్కువుందని తేలింది. ఇంకో చిట్కా, రోవర్ రాయిని గుండ్రంగా అరగదీసి నైట్రోజన్ గ్యాస్‌తో పొడి ఊదేస్తుంది కదా, ఆ ఐదు సెంటీమీటర్ల చక్రం ఉన్న ఫోటో వెతకండి, లోపలి రాయి రంగూ పైపొర రంగూ పక్కపక్కనే దొరుకుతాయి.

ఇంకో జవాబు: పైన చెప్పింది కరెక్టే, కానీ ఎర్రగా ఉన్నదల్లా పూత అనుకుని నేను చాన్నాళ్లు మోసపోయా. 2013 ఫిబ్రవరిలో మార్స్ మీదే ఇంకో రోవర్ క్యూరియాసిటీ మొదటిసారి రాయిలో 6.4 సెంటీమీటర్లు డ్రిల్ చేస్తే వచ్చిన పొడి బూడిద రంగులో ఉంది, పైన ఎరుపంతా గాలి తెచ్చిపోసిన ఇనుప తుప్పు దుమ్మే. లేజర్ డేటా చూసేవాళ్లకి ఇంకా తేలిక, ఒకే చోట ముప్పై దెబ్బలు కొడితే దుమ్ము మొదటి నాలుగైదు దెబ్బలకే ఎగిరిపోతుంది, ఆ తర్వాత కూడా మూలకాల లెక్కలు మెల్లిగా మారుతూనే ఉంటే అక్కడ పొర ఉందేమో అని అనుమానించాలి. 2004లో మార్స్ మీదే స్పిరిట్ రోవర్ మజాట్జాల్ అనే రాయిని బ్రష్ చేస్తే కింద నల్లటి పొర బయటపడింది, దాన్నీ అరగదీస్తేగానీ అసలు రాయి రాలేదు.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండి. హైడ్రోజన్ అన్నారు, అది నీళ్లలో ఉండేదే కదా, అంటే అక్కడ నదులు పారుతున్నప్పటి పూతా?

జవాబు: అంత దూరం వెళ్లకండి 🙂 పూత కట్టడానికి నది అక్కర్లేదు, రాయి మీద పల్చటి తడి చాలు, అది పదే పదే వచ్చి ఆరుతూ లవణాల్నీ ఇనుమునీ దుమ్ముతో కలిపి అతికించేస్తుంది. మన భూమ్మీద ఎడారి రాళ్లకి పట్టే మాంగనీస్ నల్ల పూత కూడా వెంట్రుక మందం ఎదగడానికి వేల ఏళ్లు తీసుకుంటుంది. ఒకటి మాత్రం గమనించండి, గాలి ఇసుకతో చెక్కిన ముఖాల మీదా గాడుల మీదా కూడా ఆ ఊదా రంగు పరుచుకుని ఉంటే, చెక్కడం అయ్యాకే పూత పట్టినట్టు.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే జూమ్ చేసి చూశా, ఒక రాయికి గాడి లోపల కూడా ఉందండి!