ఇంజన్ మార్చాక పాత మీటర్లే ఉంచాలా, ఇంజన్ ఇచ్చిన దాత బండివి పెట్టాలా?

రేణిగుంట జిప్సీ:
నాది 1998 కార్బొరేటర్ జిప్సీ. పాత బలేనో 1.6 ఇంజన్, దాని ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పెట్టించాను. బాగా లాగుతోంది. కానీ భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే బానెట్‌లోంచి ఆవిరి కొట్టింది, టెంపరేచర్ ముల్లు మాత్రం సగం కూడా రాలేదు. పిల్లలు బండిలోనే ఉన్నారు, ఎంత టెన్షన్ పడ్డానో! బలేనో మీటర్ బోర్డు మొత్తం తెచ్చి బిగించేద్దామని మెకానిక్ అంటున్నాడు. ఏం చేయమంటారు?

పీలేరు వైరింగ్:
బిగించెయ్ తమ్ముడూ. ఇంజన్, ఈసీయూ, వైరింగ్, మీటర్లు ఒకే బండివైతే తంటా ఉండదు. ఈ కాలం బండ్లలో ఆర్పీఎం, వేడి క్యాన్ లైన్ మీదే, అంటే బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్ల మీదే, మీటరుకు వస్తాయి. తాళంలో చిప్ ఉంటే తాళం, ఇమ్మొబిలైజర్ (ఆ చిప్‌ను గుర్తుపట్టే దొంగతన నిరోధక పెట్టె), ఈసీయూ మూడూ కలిపి తెచ్చుకోవాల్సిందే. లేకపోతే సెల్ఫ్ తిరుగుతుంది, బండి స్టార్ట్ కాదు.

చిత్తూరు మీటర్లు:
అన్నా, ఈ కాలం బండ్ల విషయంలో మీరన్నది నిజమే. కానీ జిప్సీ ట్యాంకులో పెట్రోలు మట్టం చెప్పే ఫ్లోట్ జిప్సీదే, స్పీడోమీటర్ కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) నుంచి వస్తుంది. బోర్డు మారిస్తే ఒక అబద్ధం పోయి రెండు అబద్ధాలు వస్తాయి. మీటరు, దాని సెన్సారు ఒక జత. జిప్సీ మీటరుకు జిప్సీ సెన్సారే కావాలి. ఈసీయూకి వెళ్లే రెండు వైర్ల సెన్సార్ వేరు, అది ఐదు వోల్టుల మీద పనిచేస్తుంది. మీటరు వైరు దానికి కలిపారేమో ముందు చూడండి. కలిపితే ఈసీయూ వేడిని తప్పుగా చదివి పెట్రోలు కూడా తప్పు లెక్కలో పోస్తుంది.

పీలేరు వైరింగ్:
కలపకపోయినా ముల్లు లేవకపోతే?

చిత్తూరు మీటర్లు:
మీటరుకు వెళ్లే ఒంటి వైరు సెన్సారుకు, ఇంజన్‌లో బిగించే దాని మర చుట్ల ద్వారానే ఎర్త్ అందుతుంది. ఆ చుట్ల మీద టెఫ్లాన్ టేపు మందంగా చుడితే ఎర్త్ సరిగా అందదు, ఇంజన్ కాగుతున్నా ముల్లు చల్లగానే చూపిస్తుంది. సెన్సార్ విప్పి మరుగుతున్న నీళ్లలో ముంచండి, దాని లోహానికి ఎర్త్ వైరు తగిలించండి. ముల్లు ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకోండి. ఘాట్ ఎక్కే బండికి ఈ పది నిమిషాల పని చేయకుండా తాళం ఇవ్వడం తప్పు, చేసింది ఏ షాపైనా సరే.

రేణిగుంట జిప్సీ:
ఈరోజు విప్పించాను. నాలుగు చుట్లు టేపు! ఈసీయూ వైరు ముట్టుకోలేదు, అదొక్కటే మేలు. టేపు తీసేసి రాగి వాషర్ వేశాం, గిన్నెలో నీళ్లు మరిగించి చూస్తే ముల్లు ముప్పావు దాకా లేచింది. మీటర్ బోర్డు కొనడం లేదు. ఆర్‌సీలో ఇంజన్ నంబరు మార్పించడం మిగిలింది. ఈసీయూ వైరింగ్ డయాగ్రమ్ ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి, ఫ్యాన్ రిలే కూడా ఒకసారి చూసుకోవాలి.