"నిటారు నడక" అనాలా, "ద్విపాద గమనం" అనాలా?

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లల కోసం ఆదిమానవుల నడక మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. పుస్తకాల్లో "ద్విపాద గమనం" కనిపిస్తోంది. "రెండుకాళ్ళ నడక" అంటే సరిపోతుందాండీ?

జవాబు: "నిటారు నడక" అనండి. రెండుకాళ్ళ నడక కోడికీ ఉంది. చింపాంజీ కూడా అవసరపడితే రెండు కాళ్ళ మీద నాలుగడుగులు వేస్తుంది, కాకపోతే మోకాళ్ళు వంచుకుని, ఒళ్ళు అటూ ఇటూ ఊపుకుంటూ. మోకాలు చాచి, నడుము మీద వెన్ను నిలబెట్టి నడిచేది మనమే. ఆ తేడా "నిటారు"లో వినబడుతుంది.

టాంజానియాలోని లేటోలీలో 1978లో పురాతత్వవేత్త మేరీ లీకీ బృందం బయటపెట్టిన ఆదిమానవుల అడుగుజాడల ఫొటో వ్యాసంలో తప్పకుండా పెట్టండి. తడిసిన అగ్నిపర్వతపు బూడిదలో పడ్డ పాదాల అచ్చులవి, 36 లక్షల ఏళ్ళ పైమాటే. మడమ దిగబడిన గుంట తెలుస్తుంది. బొటనవేలు మిగతా వేళ్ళ వరసలోనే ఉంటుంది. చింపాంజీకైతే కొమ్మ పట్టుకోవడానికి వీలుగా పక్కకు తిరిగి ఉంటుంది.

ఇంకో మాట. "చేతులు ఖాళీ అయ్యాయి, పనిముట్లు చేసుకున్నాడు" అని ఒక్క వాక్యంలో తేల్చేయకండి. దొరికినవాటిలో బాగా పాత రాతి పనిముట్లు కెన్యాలోని లొమెక్వీవి, 33 లక్షల ఏళ్ళనాటివి. నడక అంతకు ముందే ఉంది. నాకు బలంగా తోచే లాభం ఒంటి శక్తి ఆదా. బరువును బట్టి లెక్కేస్తే, చింపాంజీ నడకకు ఖర్చయ్యే శక్తిలో మనకు దాదాపు నాలుగో వంతే చాలు. చెట్లు పలచబడ్డ నేలలో తిండి కోసం తిరిగేవాళ్ళకు అదెంత ఆసరా! పైగా దొరికింది చేత పట్టుకుని పిల్లల దగ్గరికి తేవచ్చు.

మరొకరు: హోమో ఎరెక్టస్ అనే ఆదిమానవ జాతిని "నిటారు మానవుడు" అంటున్నాం కదా. నడక అక్కడే మొదలైందని పిల్లలు అనుకోరూ?

జవాబు: అనుకుంటారండీ. అందులో "ఎరెక్టస్" (నిటారు) అన్న మాట 1890ల్లో జావాలో దొరికిన ఎముకలకు డచ్ శాస్త్రవేత్త యూజీన్ డుబోయ్ పెట్టిన పేరులోది. తొడ ఎముక అచ్చం మనదిలాగే ఉంది, అంతకన్నా పాత నిటారు నడక అప్పటికి ఎవరికీ తెలియదు. ఇథియోపియాలో "లూసీ" అని పిలిచే ఆదిమానవ స్త్రీ ఎముకలు దొరికింది 1974లో. ఆమె 32 లక్షల ఏళ్ళనాటిది. నిటారుగానే నడిచింది, మెదడు మాత్రం మనదానిలో మూడో వంతు. నడక ముందు, పెద్ద మెదడు తర్వాత అన్న వరస పిల్లలకు మొదటే చెప్పేయండి.

ప్రశ్న అడిగినవారు: సరేనండీ, శీర్షిక "నిటారు నడక". పై తరగతుల్లో ఎదురవుతుంది కాబట్టి "ద్విపాద గమనం" కూడా ఒకచోట ఇస్తాను.