చీటీ మీద రైతు పేరు సగంలో తెగిపోతోంది. తెలుగు అక్షరాలను ప్రోగ్రాంలో ఎలా లెక్కపెట్టాలి?

కృష్ణాతీరం (ప్రశ్న)

పాల సేకరణ కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ తయారు చేసే చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. రైతు పాలు పోయగానే యంత్రం వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాకుండా పాలలో ఉండే ఘనపదార్థాల శాతం) చూపిస్తుంది. లీటర్లు, ధర, మొత్తం లెక్కకట్టి మా ప్రోగ్రాం చిన్న చీటీ ముద్రిస్తుంది. 58 మిల్లీమీటర్ల థర్మల్ కాగితం. పైన రైతు పేరు తెలుగులో ఉంటుంది. నా బాధంతా ఆ ఒక్క వరుసతోనే.

పేరుకు 20 అక్షరాలు చాలునని నేను చేరకముందే ఎవరో కోడ్‌లో రాసి పెట్టారు. ‘వెంకట సుబ్రహ్మణ్యేశ్వర రావు’ అనే పేరు తీసుకోండి. మనం చదివేటప్పుడు ఇందులో ఉన్నవి 11 అక్షరాలు, రెండు ఖాళీలు. 20లో హాయిగా పట్టాలి. కంప్యూటర్ మాత్రం 27 అంటుంది. హల్లు ఒకటి, దాని గుణింతపు గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, కింద ఒత్తుగా మారే హల్లు ఇంకొకటి, ఇలా అన్నిటినీ విడివిడిగా లెక్కపెడుతుంది. 20 దగ్గర కోస్తే చీటీ మీద పడేది ‘వెంకట సుబ్రహ్మణ్యేశ్’. ఏ తల్లీ తన బిడ్డకు అలాంటి పేరు పెట్టదు.

ఒక ఊళ్లో ఇదే పేరుకు చివర ‘రావు’ ఉన్న ఆయనా, ‘ప్రసాద్’ ఉన్న ఆయనా ఇద్దరూ పాలు పోస్తారు. ఇద్దరి చీటీల మీదా ఒకటే తెగిన పేరు. సభ్యత్వ సంఖ్య కింద ఉంటుంది, నిజమే. కానీ చీటీ అందుకున్న మనిషి ముందు చూసేది పేరే. పదిహేను రోజులకొకసారి వచ్చే డబ్బులను ఆ చీటీలు దగ్గర పెట్టుకునే సరిచూసుకుంటారు.

మా మేనేజర్ గారితో చెబితే, ‘ఇంగ్లీషులో వేసేయండి, గొడవ వదిలిపోతుంది’ అన్నారు. మా కేంద్రాలకు వచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. తెలుగు కూడబలుక్కుని చదువుతారు, ఇంగ్లీషు రాదు. వాళ్ల కష్టానికి లెక్క చెప్పే కాగితం వాళ్లు చదవలేని లిపిలో ఇవ్వడానికి నాకు మనసు రావడం లేదు. పనుల జాబితాలో ఇది ‘తక్కువ ప్రాధాన్యం’ అనే ముద్రతో ఒక విడత నుంచి మరో విడతకు జరుగుతూనే ఉంది.

అడగదలచినవి ఇవి. అక్షరం మధ్యలో తెగకుండా కోయడానికి నమ్మదగిన పద్ధతి ఏది? మా సర్వర్ జావా, కేంద్రంలో ఉండేది ఆండ్రాయిడ్ ఫోను. ఇంకొకటి, కొన్ని పేర్లు తెర మీద కళ్లెదుటే ఉన్నా వెతికితే దొరకవు. ఎందుకు? చివరగా, ఇది అలంకారం కాదు, తప్పు అని ఆఫీసులో ఎలా ఒప్పించాలి?

హలంతం

మీరు చెప్పిన 27 యూనికోడ్ సంకేతాల లెక్క. యూనికోడ్ అంటే ప్రతి లిపిలోని గుర్తులకు ఒక్కోదానికి ఒక్కో సంఖ్య ఇచ్చే ప్రమాణం. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలోనే ఆరు ఉంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారపు గుర్తు. జావా అయినా, జావాస్క్రిప్ట్ అయినా, పైథాన్ అయినా పొడవు అడిగితే 6 అనే చెబుతాయి. చదివేవాడికి ఒకటిగా కనిపించే ముక్కను యూనికోడ్ వాళ్లు గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు. కోయవలసింది వాటి హద్దుల దగ్గర.

అయితే ఇక్కడ చాలామంది బోల్తాపడే చోటు ఒకటి ఉంది. పాత నియమాల ప్రకారం ‘స్త్రీ’ ఒక క్లస్టర్ కాదు. ‘స్’, ‘త్’, ‘రీ’ అని మూడు. పొల్లు తర్వాత వచ్చే హల్లును ముందుదానితో కలిపే నియమం 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో చేరింది. తెలుగుతో పాటు దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపులకు అది వర్తిస్తుంది. యూనికోడ్ నియమాలను అమలు చేసే ఐసీయూ లైబ్రరీలో ఇది 74వ వెర్షన్ నుంచి ఉంది. సర్వర్‌లో కొత్త ఐసీయూ పెట్టుకోవచ్చు. పల్లెల్లో ఫోన్లు పాతవి, వాటిలోని లైబ్రరీ కూడా పాతదే. అందుకని మీ కోడ్‌లోనే ఒక చిన్న సవరణ రాసుకోండి: ఒక ముక్క పొల్లుతో ముగిసి, తర్వాతి ముక్క తెలుగు హల్లుతో మొదలైతే రెండిటినీ కలిపేయాలి. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క హల్లు ఒత్తుగా మారకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) ఉంటే ఆ ముక్క పొల్లుతో ముగియదు కాబట్టి దాన్ని కలపదు. మనకు కావలసిందీ అదే.

డేటాబేసు కూడా చూసుకోండి. కొన్నిటిలో పరిమితి బైట్లలో ఉంటుంది. యూనికోడ్ సంకేతాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు. మీరిచ్చిన పేరుకు ఖాళీలతో కలిపి 77 అవుతాయి.

పాత డీటీపీ

వెతికితే దొరకని పేర్ల సంగతి నేను చెబుతాను. ఈ పని చాలా ఏళ్లు చేశాను.

ముందు సున్న చూడండి. తెలుగు అంకెల్లోని సున్న (౦), పేరులో రాసే పూర్ణానుస్వారం (ం) తెర మీద దాదాపు ఒకేలా ఉంటాయి. యూనికోడ్‌లో వేర్వేరు. ఎవరో ‘వెంకట’ బదులు ‘వె౦కట’ అని టైపు చేస్తే కంటికి తేడా తెలియదు, కంప్యూటర్‌కు అది వేరే పేరు. మీ జాబితాలో దొరకని పేర్లన్నీ ఒకచోట చేర్చి చూడండి, సగానికి పైగా ఇదే కారణమని తేలినా నేను ఆశ్చర్యపోను. పేరులో తెలుగు అంకెకు పని లేదు కాబట్టి తెలుగు అక్షరం పక్కన ౦ కనిపిస్తే ం చేసేయవచ్చు.

తర్వాత ఐత్వం. ‘ై’ అనే గుర్తును ఒకే సంకేతంగానూ నిల్వ చేయవచ్చు, రెండు సంకేతాలుగానూ చేయవచ్చు. రెండూ సమానమేనని యూనికోడే చెబుతుంది. దాచే ముందూ వెతికే ముందూ ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక రూపంలోకి మార్చుకుంటే ఆ తగువు పోతుంది.

మూడోది హలంతం గారు చెప్పిన నాన్ జాయినర్. ‘రాజ్‌కుమార్’ అని ఒకరు టైపు చేస్తారు, ‘రాజ్కుమార్’ అని ఒకరు. వెతకడానికి వాడే నకలులో మాత్రమే దాన్ని తీసేయండి. అసలు పేరులో తీశారంటే జకారం కింద కకారం ఒత్తు పడుతుంది, ఆ మనిషి పేరు పాడు చేసినవాళ్లమవుతాం.

సభ్యుల పాత జాబితాలు అను ఫాంట్లలో టైపు చేసినవైతే అది వేరే కథ. వాటిలో తెలుగు కనిపిస్తుందే తప్ప లోపల తెలుగు ఉండదు, ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేతాలే ఉంటాయి. యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు చోటు మారుతుంటాయి. అలాంటి పేర్లను మనిషి కూర్చుని చదవాల్సిందే. కేంద్రం కార్యదర్శికి కాగితం మీద జాబితా ఇచ్చి దిద్దించండి. తన ఊరివాళ్ల పేర్లు ఆయనకు తెలిసినట్టు ఏ ప్రోగ్రాంకూ తెలియవు.

థర్మల్ కాగితం

అసలు 20 అనే లెక్కే తీసేయమంటాను. ‘ర’ పట్టే చోటు వేరు, ‘ఘ’ పట్టే చోటు వేరు. 58 మి.మీ. ప్రింటరు అడ్డంగా ముద్రించేది 384 చుక్కలు, అంటే 48 మి.మీ. మీకున్న హద్దు అదొక్కటే.

ఈ చిన్న ప్రింటర్లలో చాలావాటికి సొంతంగా తెలుగు అక్షరాలు ఉండవు. కాబట్టి మీరు ఇప్పటికే వరుసను బొమ్మగా గీసి పంపుతూ ఉండాలి. అలాంటప్పుడు ఆండ్రాయిడే వెడల్పు కొలిచి పెడుతుంది, పట్టకపోతే ఖాళీ దగ్గర విరిచి రెండో వరుసలోకి తీసుకెళ్తుంది. పేరు కోయాల్సిన పనే లేదు. అదనంగా ఖర్చయ్యేది నాలుగైదు మిల్లీమీటర్ల కాగితం.

వరుస ఎత్తు మాత్రం ఇంగ్లీషుకు సరిపోయినంత ఇస్తే ఒత్తుల అడుగు తెగుతుంది. ‘లక్ష్మి’, ‘జ్యోత్స్న’ ముద్రించి చూడండి. వీటిలో ఒక హల్లు కింద రెండేసి ఒత్తులు ఉన్నాయి. ఆ రెండూ బాగా వస్తే మిగతావి వస్తాయి.

టెస్టింగ్ అక్క

ఒప్పించడం గురించి నేను చెబుతాను తమ్ముడూ. ‘తెలుగు సరిగా రావడం లేదు’ అని రాస్తే అది తక్కువ ప్రాధాన్యంలోకే వెళ్తుంది, నా అనుభవంలో ప్రతిసారీ అంతే జరిగింది. ‘ఇద్దరు వేర్వేరు రైతుల చెల్లింపు చీటీల మీద ఒకే పేరు పడుతోంది’ అని రాయి. రెండు చీటీల ఫోటో జతచెయ్యి. అప్పుడది డబ్బుకు సంబంధించిన లోపం అవుతుంది. అది నిజం కూడా.

ఎవరైనా ‘ఒక్క అక్షరంతో ఏమవుతుంది’ అంటే 2018 ఫిబ్రవరి సంగతి చెప్పు. ‘జ్ఞా’తో ఒక నాన్ జాయినర్ కలిసిన తెలుగు అక్షరం తెర మీదకు వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. దానికోసమే యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది.

మీరు ఎస్‌ఎంఎస్ కూడా పంపుతుంటే ఒక హెచ్చరిక. అక్కడ అక్షరాల లెక్క పనికిరాదు. తెలుగు సందేశంలో 70 సంకేతాలే పడతాయి, దాటితే ముక్కకు 67 చొప్పున విడిపోయి ప్రతి ముక్కకూ డబ్బు పడుతుంది. అక్కడ నీ 27 నిజంగా 27గానే లెక్కకు వస్తుంది. పేరు బదులు సభ్యత్వ సంఖ్య పెట్టుకోవడం మేలు.

కృష్ణాతీరం

అందరికీ చాలా కృతజ్ఞతలు. ౦ గురించి పాత డీటీపీ గారు చెప్పింది అక్షరాలా నిజమైంది. దొరకని పేర్లలో ఎక్కువ వాటికి అదే కారణం. రెండు వరుసల పద్ధతి పాత ఫోనులో కూడా చక్కగా పని చేసింది. ‘జ్యోత్స్న’ కోసం వరుస ఎత్తు కొంచెం పెంచాల్సి వచ్చింది.

అక్కా, లోపాన్ని మీరు చెప్పినట్టే మార్చి రాశాను. ఈ విడతలోనే చేయమన్నారు. అయితే కాగితం ఆదా కోసం ఇంటిపేరును పొడి అక్షరాలుగా కుదించమని కొత్తగా అడుగుతున్నారు. దీనికి నేను ఒప్పుకోలేదు. ‘శ్రీరామనేని’కి ప్రోగ్రాం ‘శ’ అని వేస్తుంది, ఆ ఇంటివాళ్లు రాసుకునేది ‘ఎస్.’ అని. ఒక్కో ఇంటిది ఒక్కో అలవాటు, ప్రోగ్రాం ఊహించలేదు. సభ్యత్వం నమోదు చేసేటప్పుడే ‘చీటీ మీద మీ పేరు ఎలా ఉండాలి’ అని రైతునే అడిగి, ఆ జవాబును వేరే గడిలో దాచాలని ప్రతిపాదించాను. ఇలాంటి గడి ఎవరైనా ఇప్పటికే పెట్టి ఉంటే, పాత సభ్యుల దగ్గర ఆ వివరం ఎలా రాబట్టారో చెప్పండి.