అక్షింతలు పడ్డాయంటే కంగ్రాట్స్ చెప్పింది, ఇప్పుడేం చెప్పాలి?

నిద్రమొహం:
ఫ్రెండ్స్ ఒక డౌట్. మా టీంలో వేరే స్టేట్ నుంచి వచ్చిన అమ్మాయి ఉంది, తెలుగు బానే నేర్చుకుంటోంది, చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకుని కొత్త మాట చెవిన పడితే చాలు రాసేసుకుంటుంది. మొన్న సోమవారం నేను పంపిన రిపోర్ట్‌లో పోయిన నెల అంకెలు అలాగే ఉండిపోయాయి, సార్ లోపలికి పిలిచి అరగంట వాయించి పంపారు. బయటికొస్తే పక్క సీటువాడు "ఏంటి, అక్షింతలు గట్టిగానే పడ్డట్టున్నాయ్" అన్నాడు. ఈ అమ్మాయికి అక్షింతలంటే తెలుసు, ఈమధ్యే ఎవరిదో పెళ్ళికెళ్ళి వేసొచ్చింది కూడా. లేచొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేస్తూ "కంగ్రాట్స్! చెప్పనే లేదు, పెళ్ళెప్పుడు?" అంది. ఫ్లోరంతా ఒకటే నవ్వు.

సరే కూర్చోబెట్టి చెబుదామంటే నాకే తికమక. అక్షింతలు, తలంటు, అష్టోత్తరం, బడితెపూజ, అన్నీ తిట్టడమో కొట్టడమో. డబ్బులు పోతే గోవిందా, ఎవడన్నా మింగేస్తే స్వాహా, మోసపోతే నామం, శఠగోపం. అంతా విని "మీరు గుడికెళ్ళేది ఇందుకేనా" అనడిగింది. ఏం చెప్పను? ఇవెలా వచ్చాయో తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

సోడాబుడ్డి:
పెళ్ళెప్పుడు హహహ. టీ మీద పోసుకున్నా.

పాతపెట్టె:
శఠగోపం గురించి నాకు తెలిసింది చెప్తా. వైష్ణవ గుళ్ళలో తీర్థం ఇచ్చాక తలమీద కిరీటంలాంటిది పెడతారే అదే, దానిమీద స్వామి పాదాలుంటాయి, శఠారి అని కూడా అంటారు. నమ్మాళ్వారని వైష్ణవ భక్తకవి, ఆయనకి శఠకోపుడని ఇంకో పేరు, స్వామి పాదాలంటే ఆయనే అని వైష్ణవుల నమ్మకం, ఆ పేరే దీనికొచ్చింది. మరి అంత పవిత్రమైంది మోసానికి పేరెందుకైందంటే, ఇది నా ఊహే సుమా, మనమే వెళ్ళి తల వంచుతాం, ఏదో చల్లగా బరువుగా నెత్తిమీద పెట్టి చటుక్కున తీసేస్తారు, కళ్ళు తెరిచేసరికి పక్కవాడి తలమీద ఉంటుంది. చిట్టీ ఎత్తేసి పోయేవాడు చేసేదీ అచ్చం ఇదేగా, మనమే దణ్ణం పెట్టి మరీ తల ఇస్తాం. టోపీ పెట్టడం కూడా ఈ బాపతే.

పంగనామం ఇంకా తేలిక, పంగ అంటే రెండుగా చీలిన కొమ్మ, పంగలకర్రలో ఉండే పంగే, ఆ ఆకారంలో నుదుటిమీద పెట్టే నామం. నాకు వీటన్నిట్లో బాగా నచ్చేది కైంకర్యం. కింకరుడు చేసేది కైంకర్యం, అంటే సేవ. ఇప్పుడు సంఘం డబ్బులు ఫలానావాడు కైంకర్యం చేశాడంటే సేవ అని ఎవడన్నా అనుకుంటాడా? ఆ మాట అలా మారడం వెనక ఎంతమంది ధర్మకర్తల చేతివాటం ఉందో.

గల్లీ క్రికెటర్:
మస్తు నవ్విన అన్నా. గుడి మాటలే గాదు, మా దిక్కు తుర్రంఖాన్ ఉండనే ఉండె. ఎవడన్న ఎక్కువ జేస్తే "నువ్వేమన్న పెద్ద తుర్రంఖాన్‌వా" అంటం గద, గాయన నిజంగ ఉన్న మనిషి, తుర్రెబాజ్ ఖాన్. 1857 జులై 17 నాడు హైదరాబాద్ల బ్రిటిషోళ్ళ రెసిడెన్సీ మీదికి జనాన్ని ఏస్కొని పోయిండు, గదే కోఠిల విమెన్స్ కాలేజ్ నడిచిన బిల్డింగు. ప్రాణం ఇచ్చినాయన పేరును మనం వెటకారానికి వాడుతున్నమని తెల్సినంక మస్తు సిగ్గయింది గానీ నోట్లకెల్లి అదే వస్తది, ఏం జేస్తం.

వంటింటి రాణి:
మా అత్తగారు వింటే ఊరుకోరు, దేవుడి మాటలతో పరాచికాలేంటి అంటారు. కానీ ఆవిడే దీపం ఆరిపోయింది అనరు, కొండెక్కింది అంటారు. బియ్యం అయిపోయాయి అనరు, నిండుకున్నాయి అంటారు. డబ్బా అడుగున గింజ లేకపోయినా నిండుకున్నట్టే! పెళ్ళైన కొత్తలో నేను నిజంగానే నిండుగా ఉందనుకుని ఎసరు పెట్టేశాను, ఆరోజు నాక్కూడా అక్షింతలే అనుకోండి. నాకేమనిపిస్తుందంటే చెడుని చెడుగా అనకుండా మంచి మాట తెచ్చి కప్పేసే అలవాటు మనకి ముందునుంచీ ఉంది, పెద్దవాళ్ళు భయంతో చేశారు, మీరు వెటకారంతో చేస్తున్నారు, అంతే తేడా.

పాతపెట్టె:
నిండుకున్నాయి మాట నాకు తట్టనేలేదు మేడం, కరెక్ట్.

సోడాబుడ్డి:
భయ్యా ఇంత హిస్టరీ చెప్తే ఆ అమ్మాయి తెలుగు మానేస్తుంది. ముందు పులిహోర నేర్పు. ఎవడన్నా అమ్మాయి పక్కన చేరి తియ్యటి కబుర్లు చెప్తుంటే పులిహోర కలుపుతున్నాడని, అది తనకే పనికొస్తుంది. తర్వాత బిస్కెట్, కానీ దాంతో జాగ్రత్త, బిస్కెట్ వేశాడంటే పొగిడాడని, ప్లాన్ బిస్కెట్ అయిందంటే బెడిసికొట్టిందని. తొక్కలో, బొక్కలో లాంటివి మాత్రం ఇప్పుడే వద్దు, నేర్చుకుని సీదా మీ సార్ దగ్గర వాడితే నీ పని గోవిందా.

నిద్రమొహం:
థాంక్స్ అందరికీ. తొక్కలో నేర్పలేదు గానీ మంగళం నేర్పాను, కచేరీ చివర మంగళం పాడతారు కాబట్టి దేన్నైనా ముగించేస్తే మంగళం పాడటం అంటారని. నిన్న సాయంత్రం మీటింగ్ ఏడు దాటినా తెమలట్లేదు, సార్ ఇంకో స్లైడ్ తీస్తున్నారు, ఈ అమ్మాయి చెయ్యెత్తి చాలా మర్యాదగా "సార్, ఇంక మంగళం పాడేద్దామాండీ" అంది. అందరూ ల్యాప్‌టాప్‌ల్లోకి తలలు దూర్చేశారు. సార్ ఆ అమ్మాయిని ఏమీ అనలేదు, తిన్నగా నావైపు చూశారు. మీటింగ్ అయ్యాక నన్ను ఒక్కడినే ఆగమన్నారు.

బయటికొచ్చేసరికి నోట్‌బుక్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడుంది. ఈసారి అర్థం తెలిసే చెప్పింది కంగ్రాట్స్.